నూనెలో ఉన్న కాలు

పెడళ్ళు రెండూ ఒకేసారి తొక్కేదానికి నాకు ఇంకో కాలు యాడుండాదండీ అని నేను అడిగినంత మాత్రాన వాదన ఆపే మనిషి కాదు మా ఆయన. పొద్దున ఇడ్లీల దగ్గర మొదలైన మాట ఇది. మెట్లు దిగింది, కారెక్కింది, ఏడు రోడ్ల కూడలిలో లారీలు కదిలేదాకా కాసేపు ఊరుకుంది, ఇప్పుడు రాయచోటి రోడ్డులో మెకానిక్కు గాబ్రియేలు షెడ్డు ముందు మళ్ళీ గొంతు విప్పింది. నేను బ్రేకు మీద ఒక కాలు, యాక్సిలరేటరు మీద ఒక కాలు పెట్టి తోలుతున్నానట, అందుకే బండి ఎగిరి పడుతోందట. పసితనంలో పోలియో వచ్చి సన్నబడిన నా ఎడమ కాలు ఆ కింద ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది, తొక్కమని నేను బతిమాలినా అది వినదు, ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి వాదన వేడిలో ఆ సంగతే మరుపుకొచ్చిందంటే నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాను. ఆ నవ్వుకి ఆయనకి ఇంకా మండింది. ఆదివారం ప్రొద్దుటూరు నుంచి ఒకాయన వచ్చి బండి చూసుకుంటాడు, నచ్చితే అప్పుడే తీసుకుపోతాడు, దీని బదులు ఒక డీజిల్ బండి, దానికి గిడ్డయ్య డ్రైవరు, నువ్వు వెనక సీట్లో రాణి మాదిరి కూర్చుందువులే అని నిన్న అత్తమామల ముందు, పిల్ల ముందు చెప్పేశాడు. రాణి మాదిరి. నా వయసంతా వెనక సీట్లోనే గడిచింది, నాయన స్కూటరు వెనక, అన్న సైకిలు వెనక, ఈయన మోటరు సైకిలు వెనక, ఎవరికి తీరిక దొరికితే వాళ్ళ వెనక, ఎవరికీ తీరిక దొరకనప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని. బెంగుళూరులో ఒక డాక్టరు వాడి అమ్మిన ఈ బండి వచ్చాకనే ముందుకొచ్చాను. దీనికి క్లచ్చి లేదు. గేర్లు అదే మార్చుకుంటుంది. ఎడమ కాలుని ఏమీ అడగని వస్తువు నా బతుకులో ఇదొక్కటే, మెట్లు అడుగుతాయి, గుళ్ళు అడుగుతాయి, బస్సు ఫుట్‌బోర్డు అడుగుతుంది, ఇది అడగదు. ఆదివారం ఇది పోతే ఇట్లాంటిది ఇంకొకటి కొనేవాళ్ళు ఈ ఇంట్లో లేరు.

గాబ్రియేలు బానెట్ ఎత్తాడు గానీ ఇంజను ఆపనివ్వలేదు, ఆపితే నూనె కొలత అబద్ధం చెప్తాదక్కా అన్నాడు. ఈ జిల్లాలో చాలామంది పోయినట్టే అతనూ కువైట్ పోయి, అక్కడి షెడ్డుల్లో ఏళ్ళ తరబడి ఇలాంటి బండ్లే విప్పి, బిగించి వచ్చిన మనిషి. అందరూ బంగారం తెచ్చుకుంటే నేను గేరుబాక్సుల రోగాలు తెచ్చుకున్నా అని తన మీద తానే జోకు వేసుకుంటాడు, చెన్నైకి ఇవతల నాకంటే మంచి మెకానిక్కు లేడు అని మళ్ళీ అదే నోటితో అంటాడు. సన్నటి కడ్డీ ఒకటి బయటికి లాగి తెల్ల కాగితం మీద తుడిచి, ఎర్రగా ఉండాల్సిన నూనె అది, ఎట్లుండాదో చూడండి అని నాకు అందించాడు. డికాషన్ రంగు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మాడిన పోపు. ఫోను మోగిందని అటు తిరిగి ఇటు వచ్చేలోపు ఆవాలు నల్లబడి, ఇంగువ చేదెక్కి, ఇల్లంతా పట్టుకునే వాసన, ఆ వాసన వచ్చాక పప్పులో పోపు పడెయ్యడానికి చెయ్యి రాదు, పారబోయడానికి మనసు రాదు. లోపల ఏదో జారుతోంది, జారి జారి నూనెని మాడుస్తోంది, ఏది జారుతోందో రోడ్డు మీద చూడల్ల అన్నాడు. అతని బల్ల మీద ఇంకెవరిదో బండిలోంచి తీసిన ముక్క ఒకటి ఉంది, రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత, దాని నిండా కాలువలు. ఒక కాలువ మెలి తిరిగి ఇంకో కాలువ పక్కకి వచ్చి, తగలకుండా తప్పుకుని, ఒక గుంట చుట్టూ తిరిగి వెళ్ళిపోతుంది. మెలికల ముగ్గు. చెయ్యి ఎత్తకుండా వేసే ముగ్గుని ఇనుములో పోత పోసినట్టు. ధనుర్మాసంలో వాకిట్లో కింద కూర్చుని జరుగుతూ జరుగుతూ నేను వేసే ముగ్గుల్లో ఏదీ ఇంత చిక్కగా లేదు. నా వేలు దానంతట అదే ఆ కాలువల వెంట పోయింది. నూనె ఈ దార్లలో పరిగెత్తుతాదక్కా, ఎప్పుడు ఏ గేరు పడల్లనో ఈడనే తేలిపోతాది అన్నాడు గాబ్రియేలు. మరి క్లచ్చి తొక్కేదెవరు అని అడిగాను. చిన్నపిల్లలు అడిగే ప్రశ్న అని మా ఆయన మొహం చెప్పింది. గాబ్రియేలు మాత్రం మామూలుగా, నూనే అక్కా, లోపల క్లచ్చి పళ్ళేలుంటాయి, నూనె పోయి వాటిని అదిమి పట్టుకుంటాది, మీ కాలు చెయ్యాల్సిన పని అది చేస్తాది అన్నాడు.

నూనె. ఆదోనిలో మా ఇంటి వెనక వసారాలో సాయంత్రం పూట ఆముదం వెచ్చజేసి అమ్మ నా కాలు ఒళ్ళో పెట్టుకునేది. మోకాలి నుంచి మడమ దాకా, మడమ నుంచి మోకాలి దాకా, పక్కింటి పత్తి మిల్లు చప్పుడు ఒక పక్క, అమ్మ గాజుల చప్పుడు ఒక పక్క. ఇంత నూనె యాడికి పోతాదమ్మా అని అడిగేదాన్ని. ఎముకలోకి పోతాది, దాచిపెట్టుకుంటాది, ఒకనాడు లేస్తాది అనేది. మంత్రాలయంలో నాయన తుంగభద్రలో మునిగి తడి పంచెతో నన్ను భుజాన వేసుకుని స్వామి బృందావనం చుట్టూ తిరిగాడు, ఆ తడి నా లంగాకి అంటి చల్లగా ఉండేది, ఆయన మెడ వెనక నీళ్ళు చుక్కలు చుక్కలుగా జారుతుంటే నేను వేలితో వాటిని కలిపేదాన్ని. కాలు లేవలేదు. అమ్మ పోయిన తరువాత ఆ ఆముదం గిన్నె నేనే తెచ్చుకున్నాను, ఇంకా ఉంది, అందులో ఇప్పుడు పసుపు కలుపుకుంటాను. ఎముకలోకి పోలేదమ్మా నూనె. ఇన్నేళ్ళు యాడ తిరిగిందో తిరిగి ఈ గేరు పెట్టెలోకి వచ్చింది, ఎవరూ చూడకుండా లోపల కూర్చుని నా బదులు తొక్కుతోంది. అది షెడ్డులో చెప్పే మాట కాదు. చేతికి అంటిన నూనె కొంగుకి తుడుచుకోబోయి ఆగి, వేళ్ళ మధ్య రుద్దుకుంటూ కాసేపు నిలబడ్డాను.

మీరే తోలండక్కా, అన్న వెనక కూర్చుంటాడు అని మా ఆయన వైపు చూపించాడు గాబ్రియేలు. ఏసీ ఆపించాడు, అద్దాలు దించమన్నాడు, యాక్సిలరేటరు మీద కాలు ఒకే తీరుగా పెట్టుకోమన్నాడు. తను పక్క సీట్లో కూర్చుని గేరు కడ్డీ మొదట్లో అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడి మాదిరి తల ఒక పక్కకి వంచాడు. ఊరు దాటేదాకా బండి బుద్ధిమంతురాలు. ఒకటి నుంచి రెండు పడింది, రెండు నుంచి మూడు పడింది, నేతి మీద జారినట్టు. చూసినావా, మెకానిక్కు పక్కనుంటే ఏమీ రాదు, డాక్టరు దగ్గరికి పోతే జ్వరం తగ్గినట్ల అన్నాడు మా ఆయన వెనక నుంచి. దానికి వేడెక్కల్లన్నా, ఘాటెక్కిద్దాం అన్నాడు గాబ్రియేలు. రోడ్డుకి రెండు పక్కలా ఎర్రమట్టి, కడప బండలు నిలువునా పాతిన కంచెలు, ముందు పాలకొండలు ఎండలో మసకగా, దగ్గరయ్యే కొద్దీ నీలం పోయి రాయి రంగు బయటపడుతూ. ఎత్తు మొదలైంది. మొదటి మలుపు, రెండో మలుపు. నాకు తెలిసిపోయింది. బండికంటే ఒక్క క్షణం ముందు తెలుస్తుంది నాకు. రెండులోంచి మూడుకి పోవాలనుకుంటుంది, రెండుని వదిలేస్తుంది, మూడు ఇంకా చేతికి అందదు. ఆ మధ్యలో ఏమీ లేదు. ఇంజను గొంతు పైకి లేస్తుంది, రోడ్డు మాత్రం అట్లనే ఉంటుంది, తరువాత ఎవరో వీపు మీద చరిచినట్టు ధన్ అని పట్టుకుంటుంది. అది నాకు తెలిసిన చోటు. తడి స్నానాలగదిలో కుడి కాలు ఎత్తి ఎడమ కాలు ఆనేలోపు ఒక ఖాళీ ఉంటుంది, గోడకి చెయ్యి పోతుంది, అప్పుడు నేల దొరుకుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజూ దాటే ఖాళీ. ఎట్లా అనిపిస్తాదో చెప్పండక్కా, జర్కు అని మాత్రం చెప్పొద్దు, అందరూ అదే చెప్తారు అన్నాడు గాబ్రియేలు. చెప్పాను. వదిలేదాన్ని వదిలింది, పట్టుకునేదాన్ని పట్టుకోలేదు, వేడి మీద మాత్రమే, రెండుకీ మూడుకీ మధ్యన మాత్రమే, ఇట్లా ఎత్తులో కాలు కొంచెం ఎక్కువ తొక్కితే ఇంకా ఎక్కువ సేపు. అతను కడ్డీ మీద నుంచి చెయ్యి తీసి నా వైపు చూశాడు. మూడో గేరు పళ్ళేలు అరిగినాయి, అంతే, మిగతాది బాగుండాది అన్నాడు. ఆ అంతే అన్న మాట నాకు తీర్థం మాదిరి గొంతు దిగింది.

ఎక్కుతూ ఉన్నాం. మలుపు మలుపుకీ అది ఆలోచించుకుంటూనే ఉంది, ఇప్పుడు రెండా, ఇప్పుడు మూడా, నేను చెప్పకుండా, నన్ను అడగకుండా, నా కాలి బరువు చూసి, కొండ బరువు చూసి, తన బరువు చూసుకుని. దెబ్బ తగిలిన చోటుతోనే పని చేస్తోంది. ఒకసారి జమ్మలమడుగులో చీరలు చూసొస్తానని ఇంట్లో చెప్పి, చూసి, అక్కడి నుంచి ఇంటికి మళ్ళకుండా గండికోట పోయాను ఒక్కదాన్నే. కోటలో ఎంత దూరం పోనిస్తే అంత దూరం బండి పోనిచ్చి, తరువాత గోడలు పట్టుకుని, రాళ్ళు పట్టుకుని, కొంత కూర్చుని జరిగి, అంచు దాకా పోయాను. కింద పెన్న. అంత మెత్తటి నీళ్ళు అంత రాతిని కోసుకుని కిందికి పోయాయి. ఎంతకాలం పట్టిందో ఆ నీళ్ళకి, వాటికి ఎవరు దారి చెప్పారో. ఆ రోజు అక్కడ ఏడ్చాను, బాధతో కాదు, అంత పెద్దదాన్ని ఎవరి వెనకా కూర్చోకుండా చూశానని. బల్ల మీది ఆ ముక్కలో కాలువలు చూసినప్పుడు ఆ లోయే గుర్తొచ్చింది. ఒత్తిడి ఉంటే చాలు, నీళ్ళకైనా నూనెకైనా దారి తెలుస్తుంది కాబోలు. ఇవన్నీ వెనక కూర్చున్న మనిషికి ఎట్లా చెప్పను. ఆయన చెడ్డవాడు కాదు. నడిరోడ్డు మీద ఆగిపోతే దీన్ని ఎట్లా మోస్తాం అనేది ఆయన భయం, దీన్ని అంటే బండినో నన్నో ఆయనకీ తెలియదు.

గువ్వలచెరువులో ఆగితే పాలకోవా కొనకుండా కదిలే వంశం కాదు మాది. మామ కాలం నుంచి అది ఆచారం, మా రాయచోటి బట్టల అంగడి నుంచి కడప అంగడికి వచ్చే ప్రతిసారీ అక్కడ ఆగడం, ఆకులో కోవా పెట్టించుకోవడం, డ్రైవరుకీ ఒక ముద్ద ఇవ్వడం. మా ఆయన కోవా తిని, వేళ్ళు నాకి, చొక్కా సర్దుకుని, తిరుగు దోవ నేను తోల్తా గాబ్రియేలూ, మెత్తగా తోలితే జర్కు ఎట్లా రాదో నువ్వే చూడు అన్నాడు. నేను వెనక్కి పోయాను. ఒడిలో కోవా పొట్లం, వేడిగా. ఊరు దాటి దిగుడు మొదలయ్యే చోట కొండ ఒక్కసారిగా తెరుచుకుంటుంది, కింద కడప బయలంతా ఎండలో పరుచుకుని కనబడుతుంది. సరిగ్గా అక్కడ ఆయన ఎడమ చెయ్యి లేచింది. ఆయన ఏమీ ఆలోచించడం లేదు, ప్రొద్దుటూరాయన గురించి ఏదో చెబుతున్నాడు, మాట మాట్లాడుతూనే చెయ్యి పోయి కడ్డీని ముందుకి నెట్టింది. న్యూట్రల్. ఇంజను గొంతు పడిపోయింది, గుసగుస మాత్రం మిగిలింది, తరువాత గాలి. ఒట్టి గాలి. బండి తనంతట తాను, బరువు లేకుండా, మలుపు వెనక మలుపు.

ఈ గాలి నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలో, బట్టల బేళ్ళ మధ్య ఇరుక్కుని మామ అంబాసిడర్లో నేను మొదటిసారి ఈ ఘాటు దిగినప్పుడు మామే ఇక్కడ న్యూట్రల్ కొట్టి ఇంజను ఆపేసి, చూడమ్మా, ఈడ నుంచి కొండ కింది దాకా దేవుడే తోల్తాడు, పెట్రోలు ఆయనదే అన్నాడు. ఆ నిశ్శబ్దంలో పక్కన కూర్చున్న కొత్త మొగుడి చెయ్యి బేళ్ళ కింద నా చెయ్యిని వెతుక్కుంది. ఆ తరువాత ప్రతిసారీ ఈ చోటు కోసం ఎదురు చూసేదాన్ని. ఈ బండి వచ్చాక కూడా ఆయన తోలేటప్పుడు నెలలో ఎన్నిసార్లు దిగామో, ప్రతిసారీ కళ్ళు మూసుకుని ఈ గాలి తాగాను. ఇప్పుడు కళ్ళు తెరిచి ముందు అద్దంలో చూస్తే గాబ్రియేలు కళ్ళు కనబడ్డాయి. అవి గేరు కడ్డీ మీద ఉన్నాయి. అతను నన్ను ఒకసారి చూసి, మళ్ళీ కడ్డీ వైపే తిరిగాడు. కొండ కింద ఆఖరి మలుపు దాటాక, బండి ఇంకా జోరు మీద ఉండగానే ఆ చెయ్యి మళ్ళీ లేచి కడ్డీని వెనక్కి లాగింది. ధన్. బండి మొత్తం అదిరింది, కోవా పొట్లం ఒడిలోంచి జారి నా ఎడమ కాలి మీద పడింది.

"అదే. చూసినావా గాబ్రియేలూ, అదే జర్కు. తోలేది నేనైనా వచ్చింది చూడు."

"అన్నా, బండి పక్కకి తీయండి. ఇప్పుడు చెయ్యి యాడ పెట్టినారు?"

"యాడ పెట్టినా? స్టీరింగు మీదనే కదప్పా ఉండాది."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ మొహం నాకు తెలుసు. ఆ చెయ్యి ఏం చేసిందో ఆయనకి నిజంగా తెలియదు. వేపచెట్టు నీడలో బండి ఆపి గాబ్రియేలు చెప్పాడు, గొంతు పెంచకుండా, కువైట్ గొప్పలు లేకుండా. నూనెని పైకి తోసే పంపు ఇంజనుతో తిరుగుతాదన్నా, న్యూట్రల్ కొడితే ఇంజను నిద్రపోతాది, చక్రాలేమో కొండ దిగే జోరులో ఉంటాయి, లోపల పళ్ళేలు చాలినంత నూనె లేకుండా తిరుగుతాయి, ఆ జోరు మీదనే మళ్ళీ మీరు గేరుకి లాగితే పాపం ఆ మూడో గేరు పళ్ళేలు ఒక్కసారిగా అంత బరువూ పట్టుకోవల్ల, పట్టుకోలేక జారుతాయి, మాడుతాయి. పాత బండ్లకి ఇది చెల్లింది, దీనికి చెల్లదు. ఇప్పుడు విప్పితే పళ్ళేలు చెన్నై నుంచి తెప్పించి వేసి, నూనె మార్చి, మళ్ళీ నిలబెడతా. ఇట్లనే ఇంకొన్నిసార్లు దిగితే అమ్మేదానికి కూడా మిగలదు. మా ఆయన ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు, అందులో ఏదైనా రాసి ఉందేమో అన్నట్టు. నాకు కోపం రావాలి. పొద్దుటి నుంచి రెండు కాళ్ళతో తొక్కుతున్నావని అన్న మనిషి. కానీ నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. వాళ్ళ నాయన చెయ్యి అది. మామ ఆ మలుపులో ఎన్నేళ్ళు ఆ పని చేశాడో, పక్కన కూర్చున్న కొడుకు ఎప్పుడు నేర్చుకున్నాడో, నేర్చుకున్నట్టు కూడా తెలియకుండా, ఊపిరి మాదిరి. ఒక మనిషి చెయ్యిలో ఇంకో మనిషి ఇంతకాలం బతికి ఉండగలడా. ఆ ఇనుప ముగ్గులో నూనె పోయినట్టే, మన లోపల కూడా ఎవరో ఎప్పుడో తొలిచిన దార్లు ఉంటాయి కాబోలు, ఒత్తిడి రాగానే అటే పోతాం. నేను ప్రేమించిన ఆ గాలి, కళ్ళు మూసుకుని తాగిన ఆ నిశ్శబ్దం, అన్నిసార్లూ నా కాలినే కొంచెం కొంచెం తింటూ వచ్చింది. వేపచెట్టు కింద వేడి బండి టిక్కు టిక్కుమని చల్లారుతోంది. నేను కిందికి దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. కాలుతోంది. తియ్యలేదు.

షెడ్డులో బండి వదిలి ఆటోలో ఇంటికి వచ్చాం. దోవలో నేనే సెల్ ఫోను అడిగి తీసుకున్నాను, ప్రొద్దుటూరు నంబరు ఏదని అడిగాను, ఆయన అటు తిరిగి కూర్చుని చెప్పాడు. ఇంట్లో అందరూ వసారాలోనే ఉన్నారు. మామ పడక కుర్చీలో, అత్త చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, మా పిల్ల ఉదయశ్రీ ఇంటర్ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని. పొట్లం నలిగిపోయినా కోవా బాగానే ఉంది, అందరికీ ఆకు ముక్కల్లో పెట్టాను. ఏమంటాడమ్మా ఆ కువైటోడు అని అడిగాడు మామ. నూనె మాడిందంట నాయనా అన్నాడు మా ఆయన, గోడ వైపు చూస్తూ. ఎట్ల మాడుతాది, దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టి ఇంజనుకి రెస్టు ఇస్తాండావా లేదా, నేను నేర్పింది మరిచిపోతివా అన్నాడు మామ. మా ఆయన ఎడమ చెయ్యి తొడ కిందికి పోయింది. నా వైపు చూశాడు. ఆ చూపులో పొద్దుటి వాదన లేదు, చెప్పేస్తావా అనే ప్రశ్న ఉంది. ముసలాయన నోట్లో కోవా కరుగుతోంది, ఆ కొండ దిగిన రోజులన్నీ ఆయన మొహంలో ఉన్నాయి. చెప్పలేదు. కూర్చున్నదాన్ని గోడ పట్టుకుని లేచాను, లేచి నిలబడేదాకా ఆగాను.

"ప్రొద్దుటూరాయన్ని ఆదివారం రావద్దని చెప్పినా మామా. బండి అమ్మడంలే. చెన్నై నుంచి పళ్ళేలు రావల్ల, గాబ్రియేలు బాగు చేస్తాడు. వచ్చినాక రాయచోటికి పోయేటప్పుడు ఎవరైనా తోలుకోవచ్చు."

ఉదయశ్రీ పుస్తకం దించింది. అత్త చేతిలో చిక్కుడుకాయ అట్లనే ఉండిపోయింది.

"వచ్చేటప్పుడు?" అన్నాడు మామ.

"వచ్చేటప్పుడు, కొండ దిగేటప్పుడు, నేనే తోల్తా."